అక్కకి బ్రెయిన్‌లో 9 మిల్లీమీటర్ల కొలాయిడ్ సిస్ట్, ఒక డాక్టర్ ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు ఆరు నెలలు ఆగమన్నారు, ఏది నమ్మాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నువ్వు రాసింది క్లుప్తంగా చెప్తాను. అక్కకి 34 ఏళ్లు, స్కూల్ టీచర్, ఆరు నెలలుగా తలనొప్పి, మైగ్రేన్ అని మందులు వాడారు. ఈమధ్య వంగి ముగ్గు వేస్తున్నప్పుడు, పొద్దున్నే నిద్ర లేచినప్పుడు నొప్పి ఎక్కువ, అప్పుడప్పుడు చూపు మసక. రెండుసార్లు నడుస్తూ నడుస్తూ మోకాళ్లు వదిలేసినట్టు కూలబడింది, తెలివి మాత్రం ఉంది. ఎంఆర్ఐలో మూడో వెంట్రికల్ (మెదడులో నీరుండే గది) ముందు భాగంలో, ఫొరామెన్ ఆఫ్ మన్రో అనే రంధ్రం దగ్గర 9 మిల్లీమీటర్ల కొలాయిడ్ సిస్ట్, అంటే జిగురు నిండిన చిన్న తిత్తి, పక్క వెంట్రికల్స్ రెండూ కొద్దిగా ఉబ్బాయి అని రాశారు. ఒక డాక్టర్ ఈ వారంలోనే ఆపరేషన్ అన్నారు, రెండో డాక్టర్ క్యాన్సర్ కాదు కదా ఆరు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేద్దాం అన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు మూఢం వెళ్లాక చూద్దాం అంటున్నారు.

నేను న్యూరోసర్జన్‌ని, ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటింది, ఆంధ్రాలోనే ప్రాక్టీసు. ఫిల్ములు నా కళ్లతో చూడలేదు కాబట్టి ఇది నా అభిప్రాయం మాత్రమే, ప్రిస్క్రిప్షన్ అనుకోవద్దు. కానీ నువ్వు రాసినవన్నీ నిజమైతే సమాధానం సూటిగా చెప్తాను, ఆరు నెలలు ఆగకూడదు. మూఢం దాకా కూడా వద్దు. ఇది క్యాన్సర్ కాదు, ఆ భయం పూర్తిగా తీసేయండి, కానీ క్యాన్సర్ కాదు కదా అని తీరిగ్గా కూర్చునే జబ్బు కూడా కాదు. ఈ రెండు మాటలు ఒకేసారి మనసులో పెట్టుకోవడం ఇంట్లోవాళ్లకి కష్టం, నాకు తెలుసు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మెదడు లోపల నాలుగు గదులు ఉంటాయి, వాటినే వెంట్రికల్స్ అంటాం. కుడి ఎడమల్లో రెండు పెద్దవి, మధ్యలో సన్నగా మూడోది, వెనక కింద నాలుగోది. వీటిలో నీళ్లలా తేటగా ఉండే ద్రవం తిరుగుతూ ఉంటుంది, సీఎస్ఎఫ్ అంటాం, జనం మెదడు నీరు అంటారు. రోజుకి దాదాపు 500 మిల్లీలీటర్లు, అంటే ఒక అరలీటరు పాల ప్యాకెట్ అంత తయారవుతుంది, కానీ ఏ క్షణంలో చూసినా తలలో వెన్నులో కలిపి ఉండేది సుమారు 150 మాత్రమే. అంటే పాతది బయటికి పోతూ కొత్తది వస్తూ రోజుకి మూడుసార్లు పైన మారిపోతుంది. ఎక్కడైనా దారి మూసుకుపోయినా తయారయ్యేది ఆగదు, అక్కడే ఉంది అసలు చిక్కు.

పై రెండు గదుల్లో నీరు మధ్య గదిలోకి దిగే దారే ఈ ఫొరామెన్ ఆఫ్ మన్రో, కుడికొకటి ఎడమకొకటి, కొద్ది మిల్లీమీటర్ల రంధ్రాలు. ఎడిన్‌బరోలో అనాటమీ చెప్పిన అలెగ్జాండర్ మన్రో 1783లో దీని గురించి రాశాడు కాబట్టి ఆ పేరు. పొలం ఉన్నవాళ్లకి తూము తెలుసు కదా, చెరువు ఎంత పెద్దదైనా నీళ్లు దిగాల్సింది ఆ తూములోంచే. కొలాయిడ్ సిస్ట్ అనేది సరిగ్గా ఆ రెండు తూములూ కలిసే చోట, మధ్య గది పైకప్పుకి వేలాడుతూ పుడుతుంది. అదే శనగగింజంత గడ్డ మెదడులో ఇంకో మూల ఉంటే జీవితాంతం ఎవరికీ తెలిసేది కాదు. అందుకే ఎన్ని మిల్లీమీటర్లు అని మీరు అడిగితే మేము ఎక్కడుంది, గదులు ఉబ్బాయా అని అడుగుతాం.

ఇది పుట్టకముందు పిండదశలో మిగిలిపోయిన చిన్న కణాల తిత్తి. గోడ పల్చగా ఉంటుంది, ఆ గోడలోని కణాలే లోపలికి జిగురు వదులుతూ ఉంటాయి, ఏళ్ల తరబడి నిండుతూ వస్తుంది. తలలో వచ్చే అన్ని గడ్డల్లో ఇవి నూటికి ఒకటీ రెండూ కూడా ఉండవు, అంత అరుదు. ఎక్కువగా ముప్పై నుంచి యాభై ఏళ్లలోపు బయటపడుతుంది, పిల్లల్లో చాలా తక్కువ. అక్క ఏదో తిన్నందుకో, సెల్‌ఫోన్ వాడినందుకో, కాన్పుల వల్లో రాలేదు, దయచేసి ఇంట్లో ఎవరూ ఆమెని ఆ మాట అనకుండా చూడు. ఒకే కుటుంబంలో ఇద్దరికి వచ్చిన కేసులు అరుదుగా ఉన్నాయి, అంతమాత్రాన ఇంటిల్లిపాదీ స్కాన్‌కి పరుగెత్తక్కర్లేదు, నీకు కూడా ఇలాంటి తలనొప్పి ఉంటే మాత్రం చేయించుకో.

ఇప్పుడు అక్క లక్షణాలకి వస్తాను. వంగినప్పుడు నొప్పి, పొద్దున్నే నొప్పి, వాంతి అయితే కాస్త తగ్గినట్టు ఉండడం, ఇవి తలలో ప్రెషర్ పెరిగినప్పుడు కనిపించేవి. ఒక రోజు బావుండి ఇంకో రోజు భరించలేకపోవడం కూడా ఈ జబ్బులో మామూలే, దారి ఒకసారి కాస్త వదులుగా, ఒకసారి బిగుసుకుని ఉంటుంది కాబట్టి. అందుకే చాలామందికి ముందు పార్శ్వపు నొప్పి అనో, సైనస్ అనో, గ్యాస్ అనో మందులు పడతాయి. దానికి ఏ డాక్టర్నీ తప్పు పట్టను, తలనొప్పితో వచ్చే వేలమందిలో ఒకరికి ఉంటుందేమో ఇది. కానీ కొత్తగా మొదలై రూపం మార్చుకుంటూ పోతున్న తలనొప్పికి ఒక్క స్కాన్ తీయించాలి అనేది నా గట్టి అభిప్రాయం, మా జూనియర్లకి ఎప్పుడూ అదే చెప్తాను.

మోకాళ్లు వదిలేయడం అని రాశావు చూడు, నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ లైనే. దాన్ని మేము డ్రాప్ ఎటాక్ అంటాం. మనిషికి తెలివి పోదు, కళ్లు తిరగవు, కాళ్లు మాత్రం ఒక్కసారి తెగిపోయినట్టు కింద పడతారు, లేచి మళ్లీ మామూలుగా నడుస్తారు. కాళ్లకి వెళ్లే నరాల దారాలు ఈ పక్క గదుల అంచునుంచే దిగుతాయి, గది ఉబ్బితే అవి సాగుతాయి. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుని గ్లూకోజ్ కలిపి ఇస్తారు. అక్క విషయంలో అది నీరసం కాదు అనే అనుకుని నడవాలి.

చూపు మసక అన్నావు కాబట్టి ఒక చిన్న పని, రేపే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి చుక్కల మందు వేసి కంటి వెనక నరం చూడమనండి. ప్రెషర్ ఎక్కువై ఉంటే ఆ నరం వాచి కనిపిస్తుంది. నరం వాచి ఉంటే ఆపరేషన్ ఇంకా తొందర చేయాలి, చూపు ఒకసారి పోతే ప్రెషర్ తగ్గించినా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. నరం మామూలుగా ఉంది అని చెప్పినా నిశ్చింతగా ఉండకండి, కొత్తగా పెరిగిన ప్రెషర్ అక్కడ ఇంకా కనపడకపోవచ్చు.

రెండో డాక్టర్ గారు ఆగమన్నారు కదా, ఆయన గాల్లోంచి ఏదో చెప్పలేదు, దానికీ ఒక ఆధారం ఉంది. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 1999లో ఒక స్టడీ వేశారు, వేరే కారణానికి స్కాన్ తీస్తే అనుకోకుండా కొలాయిడ్ సిస్ట్ కనిపించిన 68 మందిని ఆపరేషన్ చేయకుండా గమనించారు. సిస్ట్ వల్ల లక్షణాలు మొదలైనవాళ్లు రెండేళ్లకి సున్నా, అయిదేళ్లకి సున్నా, పదేళ్లకి నూటికి 8 మంది. అందుకే చిన్న సిస్ట్, ఏ లక్షణమూ లేదు, గదులు మామూలుగా ఉన్నాయి అంటే మేమందరం ఆగుదాం అనే చెప్తాం, ఏడాదికోసారి స్కాన్ చేస్తూ చూస్తాం, నా దగ్గరే అలా ఏళ్లుగా వచ్చిపోతున్నవాళ్లు ఉన్నారు, హాయిగా ఉన్నారు. కానీ ఆ లెక్క ఎవరిదో చూడు తమ్ముడూ, లక్షణాలు లేనివాళ్లది. మీ అక్కది ఆ గుంపు కాదు.

ఇంకో లెక్క ఉంది. 2016లో అమెరికా వాళ్లే కొలాయిడ్ సిస్ట్ రిస్క్ స్కోర్ అని ఒకటి తెచ్చారు, అయిదు విషయాలు చూసి ఒక్కోదానికి ఒక్కో మార్కు వేస్తారు. వయసు 65 లోపు అయితే ఒకటి, తలనొప్పి ఉంటే ఒకటి, సైజు 7 మిల్లీమీటర్లు లేదా అంతకంటే ఎక్కువైతే ఒకటి, ఎంఆర్ఐలో ఫ్లేర్ అనే ఫిల్ములో సిస్ట్ తెల్లగా మెరిస్తే ఒకటి, మూడో గదిలో ప్రమాదకరమైన చోట ఉంటే ఒకటి. ఆ చోట్లు రెండు, ముందు వైపు మన్రో దగ్గరది, వెనక వైపు నీరు నాలుగో గదికి దిగే సన్న కాలువ దగ్గరది. నాలుగూ ఆపైన వస్తే నీరు అడ్డుపడే ప్రమాదం ఎక్కువ అని లెక్క. అక్కకి వేసి చూడు, వయసు ఒకటి, తలనొప్పి ఒకటి, 9 మిల్లీమీటర్లు కాబట్టి ఒకటి, మన్రో దగ్గరే ఉంది కాబట్టి ఒకటి. ఫ్లేర్ చూడకముందే నాలుగు అయిపోయాయి. పైగా గదులు ఇప్పటికే ఉబ్బాయి, అంటే స్కోరు హెచ్చరించే ప్రమాదం మొదలైపోయింది కూడా. ఆగమన్న డాక్టర్ గారికి అక్క పడిపోయిన సంగతి, చూపు మసక సంగతి సరిగ్గా చెప్పారా లేదా? ఓపీ రద్దీలో మనం తలనొప్పి అని మాత్రమే చెప్పి బయటికి వచ్చేస్తాం, ఇది నేను రోజూ చూస్తాను. మళ్లీ వెళ్లి ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి, ఆయన కూడా మాట మార్చుకునే అవకాశం ఎక్కువ.

నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో ఒక సంగతి చెప్తాను. పీజీ చేస్తున్న రోజుల్లో ఒక రాత్రి క్యాజువాలిటీ డ్యూటీ. ఒక కుర్రాడు, పాతికేళ్లు దాటి ఉంటాయి, మిరపకాయల టిక్కీలు మోసే పని. రెండు రోజులుగా తలనొప్పి, వాంతులు, ఊళ్లో సెలైన్ ఎక్కించి ఇంజెక్షన్ ఇచ్చి పడుకోమన్నారట. నిద్రపోతున్నాడు లెమ్మని అందరూ అనుకున్నారు, అది నిద్ర కాదు మగత. మా దగ్గరికి వచ్చేసరికి టార్చి వేస్తే ఒక కంటిపాప పెద్దదైపోయి వెలుతురుకి కదలడం లేదు. సీటీలో మధ్యలో గుండ్రంగా, తెల్లగా, కందిగింజ కంటే కొంచెం పెద్ద చుక్క, దాని పైన రెండు గదులూ బుడగల్లా ఉబ్బిపోయి ఉన్నాయి. మా సార్ అక్కడికక్కడే తలకి చిన్న రంధ్రం పెట్టి గొట్టం వేశారు, నీరు ఒత్తిడికి చిమ్ముకుంటూ వచ్చింది, గౌను మీద పడింది, ఆ దృశ్యం ఇప్పటికీ కళ్లముందే ఉంది. కానీ అప్పటికే ఆలస్యమైంది, తెల్లారేసరికి పోయాడు. వాళ్లావిడ చేతిలో అతని చెప్పులు సంచిలో పెట్టుకుని కూర్చుంది, బాగైతే వేసుకుని నడిచి వెళ్తాడని. ఆరు గంటలు ముందు వచ్చి ఉంటే బతికేవాడు, నేను అదే నమ్ముతాను. ఇది చెప్పి నిన్ను భయపెట్టాలని కాదు, కొలాయిడ్ సిస్ట్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఇలా జరగదు. కానీ జరిగితే గంటల్లో జరుగుతుంది, రోజులు ఇవ్వదు.

అందుకే ఆపరేషన్ డేట్ వచ్చేలోపు ఇంట్లో ఈ నాలుగు మాటలు అందరికీ తెలియాలి. తలనొప్పి ఒక్కసారిగా భరించలేనంత పెరిగినా, ఆగకుండా వాంతులైనా, పిలిస్తే సరిగ్గా పలకకుండా మగతగా ఉన్నా, మాట తడబడి అయోమయంగా ఉన్నా, ఒకటి రెండుగా కనిపించినా, మళ్లీ కూలబడినా, తెల్లారనిద్దాం అనుకోవద్దు, 108కి ఫోన్ చేయండి. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి కాదు, సీటీ ఉండి రాత్రిపూట న్యూరోసర్జన్ వచ్చే ఆసుపత్రి ఏదో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి, అర్ధరాత్రి వెతుక్కోకూడదు. గుమ్మంలోనే చెప్పాల్సిన మాట, మూడో వెంట్రికల్‌లో కొలాయిడ్ సిస్ట్ ఉంది అని. ఈ ఒక్క వాక్యం కాగితం మీద రాసి అక్క ఫోన్ కవర్ వెనక పెట్టు, స్కాన్ సీడీ, రిపోర్టు బ్యాగులో ఉంచు. ఈ మాట చెప్పకపోతే ఎవరైనా మెదడువాపు జ్వరం అనుకుని నడుములోంచి నీరు తీసే ప్రమాదం ఉంది. పైన దారి మూసుకుని ఉన్నప్పుడు కింద నుంచి నీరు తీస్తే మెదడు కిందికి జారి ప్రాణం మీదకి వస్తుంది.

మందులతో కరగదా అని అడిగావు. కరగదు. స్టెరాయిడ్లు, నీరు తగ్గించే బిళ్లలు, మానిటాల్ సెలైన్, ఇవన్నీ కొన్ని గంటలో కొన్ని రోజులో టైమ్ కొనిపెడతాయి అంతే. రేడియేషన్ దీనికి వాడం. పసరు మందు ఎవరో తెలిసినవాళ్లకి పనిచేసింది అన్నారు అని రాశావు, ఆ తెలిసినవాళ్లది ఏం గడ్డో, ఎక్కడి గడ్డో మనకి తెలియదు. ఇది కపాలం లోపల నీళ్ల మధ్య వేలాడే జిగురు సంచి, కడుపులోకి తాగిన పసరు దాన్ని కరిగించదు.

ఇక ఆపరేషన్ గురించి, నువ్వు ఎక్కువ భయపడుతోంది ఇక్కడే అనిపించింది. ఇప్పుడు ఎక్కువగా జరిగేవి రెండు పద్ధతులు. ఒకటి ఎండోస్కోపీ. తల ముందు భాగంలో, సాధారణంగా కుడి వైపు, జుట్టు మొదలయ్యే గీతకి కొంచెం వెనక, రూపాయి బిళ్ల కంటే చిన్న రంధ్రం పెట్టి, పెన్నంత సన్నటి కెమెరా గొట్టం పక్క గదిలోకి పంపిస్తాం. అక్క జుట్టు అంతా తీయాల్సిన పని లేదు, ఆ చుట్టూ కొంచెం తీస్తే చాలు, ఆడవాళ్లు ఇది అడగడానికి మొహమాటపడతారు అందుకే నేనే చెప్తున్నా.

లోపల ఎలా ఉంటుందో చెప్తాను, ఒకసారి ఊహించుకుంటే భయం కొంత తగ్గుతుందేమో. గదిలోకి వెళ్లగానే తేట నీరు, తెల్లటి నున్నటి గోడలు, కింద ఎర్రటి పూలగుత్తిలా అల్లుకున్న కణజాలం కనిపిస్తుంది, నీరు తయారుచేసేది అదే. ఆ ఎర్రటి తీగ ఎటు పోతోందో అటే వెళ్తే మన్రో రంధ్రం దగ్గరికి చేరతాం. మామూలు మనిషిలో అక్కడ నల్లగా లోతు కనిపించాలి, వీళ్లలో ఆ రంధ్రం నిండా బూడిద ఆకుపచ్చ కలిసిన రంగులో నిగనిగలాడుతూ సిస్ట్ ఉబికి ఉంటుంది, పైన సన్నటి రక్తనాళాలు దారాల్లా. గోడని కాస్త కాల్చి, చిన్న చీలిక పెట్టి, లోపలిది సన్న గొట్టంతో లాగుతాం. కొందరిలో గంజిలా ఒక్క పీల్పుకి వచ్చేస్తుంది. కొందరిలో ఎండిన తుమ్మబంకలా గట్టిగా ఉండి గొట్టంలోకి రానే రాదు, ముక్కలు ముక్కలుగా పట్టకారుతో తీయాలి, గంట పట్టేది మూడు గంటలవుతుంది. ఎంఆర్ఐలో టీ2 ఫిల్ములో సిస్ట్ నల్లగా ఉంటే లోపల గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ, అందుకే మీ సర్జన్ ఆ ఫిల్మే పట్టుకుని చాలాసేపు చూస్తారు. సిస్ట్ ఖాళీ అయి గోడ పక్కకి తప్పుకున్నాక, అప్పటిదాకా ఆగిన నీరు కిందికి దిగడం కెమెరాలో కనిపిస్తుంది, చిన్న చిన్న తునకలు ఆ నీళ్లతో పాటు లోపలికి కొట్టుకుపోతుంటాయి. ఇన్నేళ్లయినా ఆ క్షణం థియేటర్‌లో అందరం ఒకసారి ఊపిరి వదులుతాం, మత్తు డాక్టర్ కూడా స్క్రీన్ వైపు తిరిగి చూస్తారు.

రెండో పద్ధతి మైక్రోస్కోప్ సర్జరీ, చిన్న కిటికీలా ఎముక తీసి, రెండు మెదడు భాగాల మధ్య సందులోంచి వెళ్లి మధ్యలో ఉండే వంతెన లాంటి భాగంలో చిన్న దారి చేసుకుని సిస్ట్ దగ్గరికి చేరడం. ఇది పెద్ద ఆపరేషన్, ఆసుపత్రిలో ఎక్కువ రోజులు ఉండాలి, కానీ రెండు చేతులతో స్వేచ్ఛగా పని చేయొచ్చు కాబట్టి గోడతో సహా మొత్తం తీసే అవకాశం ఎక్కువ. ఎండోస్కోపీలో కోలుకోవడం తొందరగా ఉంటుంది, గోడ ముక్క మిగిలిపోయే అవకాశం కొంచెం ఎక్కువ, మిగిలితే ఏళ్ల తర్వాత మళ్లీ నిండొచ్చు. ఏది మంచిది అని నన్ను అడిగితే, మీ సర్జన్ చేతికి ఏది బాగా అలవాటో అదే మంచిది అంటాను, ఇది తప్పించుకునే జవాబు కాదు, మనస్ఫూర్తిగా నమ్మేది. అక్కకి గదులు కొద్దిగా ఉబ్బి ఉన్నాయి కాబట్టి కెమెరాకి చోటు దొరకొచ్చు, అది ఆమెకి కలిసొచ్చే విషయమే. సూదితో జిగురు మాత్రం లాగి వదిలేసే పద్ధతి కూడా ఒకటుంది, గోడ అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ నిండడం ఎక్కువ, ఇప్పుడు పెద్దగా చేయరు. ఇంకా షంట్, దాన్ని మనవాళ్లు స్టెంట్ అంటుంటారు, గుండెకి వేసే స్టెంట్ వేరు ఇది వేరు, తలలోంచి కడుపులోకి నీరు మళ్లించే గొట్టం. సిస్ట్‌ని ముట్టుకోకుండా షంట్ మాత్రమే వేస్తే మూసుకునేది రెండు తూములూ కాబట్టి రెండు వైపులా వేయాల్సి రావచ్చు, లేదా గదుల మధ్య గోడకి రంధ్రం పెట్టాలి, గొట్టం పూడిపోతే మళ్లీ మొదటికొస్తుంది. ఆపరేషన్ తట్టుకోలేని పెద్ద వయసువాళ్లకైతే ఆలోచిస్తాం, అక్క వయసుకి సిస్ట్ తీయడమే సరైన దారి.

దీన్ని మొదటిసారి తీసింది వాల్టర్ డాండీ అనే సర్జన్, 1921లో, బాల్టిమోర్‌లో. 1858లోనే వాల్‌మన్ అనే ఆయన ఈ సిస్ట్ గురించి రాశాడు, కానీ బతికున్న మనిషిలోంచి తీయడానికి ఇంకో అరవై ఏళ్లు పైన పట్టింది. సీటీ లేదు, ఎంఆర్ఐ లేదు, మైక్రోస్కోప్ లేదు. ఇప్పుడు మన దగ్గర హైదరాబాద్, విశాఖ, విజయవాడ, గుంటూరు, తిరుపతి ఎక్కడైనా ఇవన్నీ ఉన్నాయి. అక్కకి ఇంత ముందుగా తెలియడం అదృష్టం, దాన్ని వాడుకోవాలి.

రిస్క్ గురించి దాచకుండా చెప్తాను, ఎందుకంటే సంతకం పెట్టేముందు తెలియాలి. మన్రో రంధ్రం అంచునే ఫార్నిక్స్ అని తెల్లటి సన్న కమ్మీ ఉంటుంది, కొత్త జ్ఞాపకాలు నిలబడడానికి అది కావాలి. సిస్ట్ దాన్ని నొక్కుతూనే ఉంటుంది కాబట్టి చాలామందికి ఆపరేషన్‌కి ముందే మతిమరుపు కొంచెం మొదలై ఉంటుంది. అక్క టీచర్ కదా, ఈమధ్య పిల్లల పేర్లు మర్చిపోవడం, చెప్పిన పాఠమే మళ్లీ చెప్పడం లాంటివి ఉన్నాయా అడిగి చూడు, ఉంటే సర్జన్‌కి చెప్పండి, ఆపరేషన్‌కి ముందే జ్ఞాపకశక్తి పరీక్ష చేసి రాసి పెట్టమనండి. ఆపరేషన్ తర్వాత కొన్ని రోజులు, కొన్ని వారాలు పొద్దున ఏం తిన్నానో గుర్తులేదు అనడం చూస్తుంటాం, ఎక్కువమందిలో మెల్లగా సర్దుకుంటుంది, కొద్దిమందిలో మిగిలిపోతుంది. పైకప్పుకి అంటుకున్న చోట ముఖ్యమైన సిరలు ఉంటాయి, అక్కడ లాగితే రక్తస్రావం. అందుకే అనుభవం ఉన్న సర్జన్ ఒక్కోసారి గోడలో చిన్న ముక్క కావాలనే కాల్చి వదిలేస్తారు, అది చేతకాక కాదు. ఇంకా ఇన్ఫెక్షన్, ఫిట్స్, జిగురు చిందితే వచ్చే జ్వరం, మెడ పట్టేయడం ఉండొచ్చు. ఆ జ్వరం అన్నిసార్లూ ఇన్ఫెక్షన్ కాదు, ఆ జిగురుకి లోపలి పొరలు వాచడం వల్ల కూడా వస్తుంది.

సర్జన్‌ని అడగాల్సినవి మొహమాటపడకుండా అడగండి. ఇలాంటి సిస్ట్‌లు మీరు ఇప్పటిదాకా ఎన్ని చేశారు, ఎండోస్కోపీతో మొదలుపెట్టి కుదరకపోతే అక్కడే మైక్రోస్కోప్‌కి మారే ఏర్పాటు ఉందా, తర్వాత తలలో గొట్టం ఎన్ని రోజులు ఉంచుతారు, ముక్క మిగిలితే ఏం చేస్తారు. ఏ మంచి సర్జన్‌కీ ఈ ప్రశ్నలకి కోపం రాదు. ఖర్చు సంగతి, తెలంగాణలో అయితే ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో అయితే ఎన్టీఆర్ వైద్య సేవ, కార్డు పట్టుకుని ఆసుపత్రి ఆరోగ్యమిత్ర దగ్గరికి ముందే వెళ్లి ఈ ఆపరేషన్ ఏ ప్యాకేజీ కిందకి వస్తుందో అడగండి, ప్రీఅప్రూవల్‌కి టైమ్ పడుతుంది కాబట్టి ఇవాళే మొదలుపెట్టండి. అక్కకి స్కూల్ తరఫున ఇన్సూరెన్స్ ఉంటే అది కూడా చూడండి.

తర్వాత ఏంటంటే, ఒకటి రెండు రోజులు ఐసీయూ, నీరు సరిగ్గా దిగుతోందో లేదో చూడడానికి కొన్ని రోజులు బయటికి ఒక సన్న గొట్టం ఉండొచ్చు, దాని సంచి ఎత్తు మార్చకూడదు, అటెండెంట్‌గా ఉన్నవాళ్లు మంచం పైకి కిందికి చేసేముందు సిస్టర్‌ని పిలవాలి, ఇది చాలామందికి తెలియక చేసే పొరపాటు. తీసిన గోడ ముక్క బయాప్సీకి పంపుతారు, ఆ రిపోర్టు జాగ్రత్తగా దాచండి. కొన్ని నెలలకి ఒక ఎంఆర్ఐ, తర్వాత కొన్నేళ్లు సర్జన్ చెప్పినప్పుడల్లా ఇంకోటి. స్కూల్‌కి ఎప్పుడు వెళ్లాలి అనేది జ్ఞాపకశక్తి, నీరసం బట్టి, అంతా సాఫీగా అయితే నెలా రెండు నెలల్లో వెళ్లినవాళ్లు ఉన్నారు, తొందరపెట్టొద్దు.

మూఢం మాటకి వస్తే, మా అమ్మ కూడా ముహూర్తం చూడకుండా గడప దాటేది కాదు, పెద్దవాళ్ల నమ్మకాన్ని నేను తక్కువ చేయను. అక్క అత్తగారితో వాదించకు, ఆమె కూడా కోడలి మంచికే అంటోంది. రిపోర్టు పట్టుకుని ఆమెనే డాక్టర్ గదిలోకి తీసుకెళ్లు, ఆపరేషన్ చెప్పిన డాక్టర్ గారినే ఆమెకి బొమ్మ గీసి చూపించమను. నా దగ్గర ఇలా పెద్దవాళ్లకి తూము, చెరువు బొమ్మ గీసి చూపిస్తే అయిదు నిమిషాల్లో అర్థం చేసుకున్నారు, మన ఊళ్లల్లో నీళ్ల సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు. పురోహితుణ్ణి అడిగినా ప్రాణం మీదకి వచ్చినప్పుడు వైద్యానికి మూఢం అడ్డం కాదనే చాలామంది చెప్తారు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, రిపోర్టులో ఫ్లేర్, టీ2 గురించి రాసిన లైన్లు, వెంట్రికల్స్ సైజు గురించి రాసిన లైను ఇక్కడ టైప్ చేసి పెట్టు, అక్క పేరు, ఆసుపత్రి పేరు కనపడకుండా. రేపు ఓపీ అయ్యాక సాయంత్రం చూసి రాస్తాను. ఈలోపు అక్కని స్కూటీ నడపనివ్వకు, బాత్రూమ్ గడియ లోపల పెట్టుకోవద్దని చెప్పు, రాత్రి పక్కన ఎవరో ఒకరు పడుకోండి.